నా బండికి కొండీ కరెంటు వద్దు

నేను కరెంటు కారు కొన్న రోజు నుంచి మా బంధువులందరూ ఇంజనీర్లయిపోయారు. బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందో, వానలో షాక్ కొడుతుందో లేదో, ఎండాకాలం అంటుకుంటుందో లేదో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. కారు ముఖం సరిగ్గా చూడనివాళ్లు కూడా అది ఎప్పుడు మూలపడుతుందో తేదీతో సహా చెబుతారు. నేను ఇరవై రెండేళ్లుగా కరెంటు ఆఫీసులో పనిచేస్తున్నాను. కౌంటర్లో కూర్చుని బిల్లులు కట్టించుకోవడంతో మొదలుపెట్టి ఇప్పుడు సీనియర్ అసిస్టెంటునయ్యాను. అయినా కరెంటు అంటే ఏమిటో నాకు నేర్పబోని మగవాడు మా చుట్టాల్లో లేడు.

వాళ్లందరిలోకీ పెద్ద ఇంజనీరు మా బావ ఓంప్రకాశ్. నా భర్త హరికృష్ణకు సొంత అన్న. వర్ధన్నపేటలో ఎరువుల దుకాణం, ఎనిమిదెకరాల పొలం, ఏడేళ్లనాటి డీజిల్ బండి ఉన్నాయి. ఆ డీజిల్ బండిని నాకు అంటగట్టి తాను కొత్తది కొనుక్కోవాలని రెండేళ్లుగా చూస్తున్నాడు. "ఇంట్ల బండి ఇంట్లనే ఉంటది" అనేవాడు. నేనేమో ఎవరికీ చెప్పకుండా లోను పెట్టి, చిన్న తెల్ల కరెంటు కారు తెచ్చి కాశిబుగ్గలో మా ఇంటి ముందు నిలబెట్టాను. యాభై ఒకటో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను. ఆయన కోపమంతా నేను అడగకుండా కొన్నందుకు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వాదన మాత్రం బ్యాటరీ మీద నడిచింది.

ఒక ఆదివారం పొద్దున బావ, ఆయన భార్య రాజేశ్వరక్క మా ఇంటికి వచ్చారు. మా అత్తమ్మ కట్టమ్మ గడప దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. నేను సర్వపిండి కాల్చి పెట్టాను. తింటూనే బావ మొదలుపెట్టాడు.

"గా కరెంటు యాడికెళ్లి ఒస్తదో ఎరుకేనా? బొగ్గు కాలవెడితె ఒస్తది. నా బండి పొగ నా ఎన్కనే ఉంటది. నీ బండి పొగ భూపాలపల్లోళ్ల ముక్కులకు పోతది. గంతే తేడా."

"నిజమే బావా," అన్నాను. "అందుకే డాబా మీద సోలార్ పలకలు పెట్టిద్దామని చూస్తాన్న. నీ డీజిలుకు ఏ పలక పెడ్తవ్?"

"ఎనిమిదేండ్లకు బ్యాటరీ పోతది. మల్ల సగం కారు పైసలు పెట్టాలె."

"నీ బండి ఇంజను పనికి పోయినేడు ఎంతైంది?"

బావ నోరు విప్పేలోపే రాజేశ్వరక్క అరవై వేలంది. ఆయన ఆమెకేసి చూసిన చూపుకు ఆమె సర్వపిండి ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"రోడ్డు టాక్సు మాఫీ చేసిండ్రట మీకు," అన్నాడు బావ, దారి మార్చి. "మా అసొంటోళ్లం టాక్సులు కడితే మీరు షోకులు పడుడు."

ఈ మాటకు నాకు ఒళ్లు మండింది. "నీ పొలం మోటరు బిల్లు ఎవరు కడ్తాండ్రు బావా? నేను కడ్తాన్న, మా వాడకట్టోళ్లు కడ్తాండ్రు. రైతుకు కరెంటు ఇయ్యొద్దని నేను ఎన్నడన్న అన్ననా? నీకిచ్చింది హక్కు, నాకిచ్చింది షోకు ఎట్లైతది?"

లోపలి నుంచి నా కూతురు యమున నవ్వడం వినిపించింది. ఆ నవ్వే ఆయనను రెచ్చగొట్టిందనుకుంటాను. చేయి కడుక్కుని వచ్చి అసలు ప్రశ్న అడిగాడు.

"ఇవన్ని కాదు. మేడారం పోయి ఒస్తదా?"

వరంగల్‌లో ఏ బండికైనా ఇదే పరీక్ష. ఢిల్లీ పోయి వస్తుందా అని ఇక్కడ ఎవరూ అడగరు. సమ్మక్క సారలమ్మల గద్దెల దాకా పోయి తిరిగి ఇల్లు చేరిందా లేదా, అంతే. పోవడం వంద కిలోమీటర్లు, రావడం వంద. నా కారు రెండు వందల ముప్పై నడుస్తుందని నాకు నమ్మకం. జాతర ఇంకో రెండు వారాలుంది. తొక్కిసలాటకు ముందే పోయి వద్దామని అత్తమ్మ అప్పటికే అంటోంది.

"పోతది, ఒస్తది," అన్నాను.

"నడుమ యాడ చార్జింగ్ పెట్టొద్దు. పెడితె ఓడినట్టే. ఓడితె గిది అమ్మాలె, నా బండి తీస్కోవాలె. అమ్మ ముంగట చెప్పు."

నేను అత్తమ్మ ముందే చెప్పాను. మాటంటే మాటే అన్నాను. రెచ్చిపోయి ఒప్పుకున్నాననుకోండి, ఒప్పుకోవడం మాత్రం ఒప్పుకున్నాను.

వారం రోజులు లెక్కలు వేసుకున్నాను. బావ, అక్కతో కలిపి ఐదుగురు మనుషులు, ఏసీ తక్కువ, వేగం అరవై దాటకూడదు. టైర్లలో గాలి రెండుసార్లు చూపించాను. యమున ఎక్కడ ఎంత శాతం ఉండాలో కాగితం మీద రాసిపెట్టింది. నా ఆఫీసు అనుభవమంతా పెట్టి వేసిన లెక్క అది. అందులో తప్పు లేదు. కాని ఒకటి మరిచిపోయాను.

బయలుదేరే రోజు పొద్దున్నే బావ వర్ధన్నపేట నుంచి ట్రాలీ ఆటోతో దిగాడు. ఆటో నిండా బెల్లం బస్తాలు. మేడారంలో మొక్కు అంటే నిలువెత్తు బంగారం. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి అమ్మవార్లకు ఇవ్వాలి. దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. నాటుసారా భయంతో బెల్లానికి ఆధార్ అడుగుతారు కాబట్టి, దుకాణంలో కార్డు చూపించి మరీ తెచ్చాడట. అత్తమ్మ మొక్కు ఉందని నాకు తెలుసు. ఆమె యాభై ఎనిమిది కిలోలు. బావకూ, రాజేశ్వరక్కకూ కూడా మొక్కులున్నాయని అప్పుడే తెలిసింది. బావ తొంభై రెండు. అక్క డెబ్బై ఒకటి.

ఐదుగురం ఎక్కాల్సిన బండిలో ఎనిమిది మంది ఎక్కినట్టయింది.

"బావా, అత్తమ్మ మొక్కొక్కటి తీసుకపోదాం. మీయి జాతరనాడు ఇయ్యుండ్రి," అన్నాను.

ఆయన మాట్లాడేలోపే అత్తమ్మ అందుకుంది. "బంగారానికి బరువేందే? తల్లే మోస్తది. ఎక్కియ్యి బిడ్డా."

ఇక నేనేం మాట్లాడతాను? ఒక్క యూనిట్ తేడా వస్తే ఆఫీసులో పెద్దసారుతో కూడా గొడవ పెట్టుకునేదాన్ని, ఇంటి ముందుకొచ్చిన బంగారాన్ని దింపి పోదామని అనలేకపోయాను. మా ఇంట్లో ఎవరూ అనలేరు. డిక్కీ నిండింది, కాళ్ల కింద నిండింది, యమున ఒళ్లో ఒక ముద్ద పెట్టుకుంది. బండి వెనక భాగం కిందికి దిగిపోయింది. దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ బండి అడుగు దానికి రాసుకుంది.

ములుగు దాటేసరికే యమున కాగితానికీ బండి తెరకూ పొత్తు కుదరలేదు. తాడ్వాయి అడవిలో ఏసీ ఆపేశాను. బావ కిటికీ దింపి, "గాలి మంచిగున్నది" అన్నాడు, నేను ఓడిపోతున్నానని తెలిసే. గద్దెల దగ్గర బంగారం దింపి, మొక్కు చెల్లించి, తిరిగి బండి దగ్గరికి వచ్చేసరికి నలభై మూడు శాతం మిగిలింది. ఇల్లు చేరాలంటే యమున కాగితం ప్రకారం నలభై ఎనిమిది కావాలి. తిరుగు దారిలో యాభై మించకుండా నడిపాను. ఎడ్లబండి నయమని బావ అన్నా వేగం పెంచలేదు. ఆ ఐదు శాతం ఎక్కడి నుంచైనా వస్తుందేమోనని దారి పొడవునా ఆశపడ్డాను.

రాలేదు. ములుగు దాటి పది కిలోమీటర్లు వచ్చాక, ఇల్లు ఇంకా నలభై కిలోమీటర్ల దూరం ఉందనగా, తెర మీద పదకొండు శాతం చూపించింది. బండి వేగం తానే తగ్గించుకుంది. రోడ్డు పక్కకు తీసి ఆపాను.

అప్పుడు బావ నన్ను ఆశ్చర్యపరిచాడు. నవ్వలేదు. పక్క సీట్లోంచి నా వైపు వంగి, మెల్లగా చెప్పాడు.

"ఫికర్ చెయ్యకు ప్రేమలతా. గదో, గా మామిడి చెట్ల పక్కకున్నదే, మీ అక్క తమ్ముడు రాజమౌళి పొలం. మోటరు కాడ కరెంటున్నది. రెండు గంటలు పెట్టుకోని పోదాం. ఇది లెక్కల రాదు. పందెం నువ్వు గెల్చినట్టే అనుకో. బండి నీదే. ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉంటది."

ఆయన మంచితనంతోనే అన్నాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. నేను కూడా ఒక్క క్షణం ఒప్పేసుకున్నాను. బండి పొలం బాటలోకి తిప్పాను కూడా. మోటరు గది ముందు ఆగాక తల పైకెత్తి చూశాను.

పైన లైను తీగల మీద దొంగ కరెంటు గుంజే రెండు కొండీలు వేలాడుతున్నాయి. వాటి నుంచి రెండు తీగలు దిగి గదిలోకి పోయాయి. గోడకు ఆనించి పొడవాటి వెదురు కర్ర ఉంది, కొండీ తగిలించడానికీ తీయడానికీ. మోటరుకు సర్కారు కరెంటు వేరే ఉంది, ఫ్రీగా. ఈ కొండీలు పైపెచ్చు.

నా భర్త హరికృష్ణ లైన్‌మన్. ఇరవై రెండేళ్ల కింద వర్ధన్నపేట అవతల ఒక ఊళ్లో గాలివానకు తీగ తెగితే, లైన్ ఆపించి, ఆపినట్టు ఫోనులో ఖాయం చేసుకుని స్తంభం ఎక్కాడు. ఆ ఊళ్లో ఎవరో రెండు లైన్లకు కొండీలు వేసి ఒకే మోటరుకు కలిపారు. ఇటు ఆపిన కరెంటు అటు నుంచి వెనక్కి వచ్చింది. స్తంభం మీదే పోయాడు. పోలీసులు వచ్చేసరికి ఆ ఊరంతా వెతికినా ఒక్క కొండీ లేదు, ఒక్క వెదురు కర్ర లేదు. గంటలో అన్నీ తీసి దాచేశారు. ఉద్యోగి అజాగ్రత్త అని కాగితం మీద రాశారు. ఆయన బదులు నాకు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. యమునకు అప్పుడు రెండేళ్లు.

"పెట్టను బావా," అన్నాను.

"ఏంది?"

"గిండ్ల పెట్టను. ఓడిపోయిన. ఒప్పుకుంటాన్న. గా కొండీ కరెంటు మాత్రం నా బండికి పెట్టను."

"ఓడితె బండి పోతదే!"

"పోనీ."

బండిని వెనక్కి తిప్పి మళ్లీ రోడ్డెక్కాను. కోపం వచ్చింది, బండి పోతుందని దుఃఖమూ వచ్చింది.

అర కిలోమీటరు దూరంలో ఒక చిన్న టిఫిన్ హోటలు కనిపించింది. గోడకు సిలువ, దాని కింద 'దీనమ్మ టిఫిన్స్' అని రాసి ఉంది. అరవై ఏళ్ల దీనమ్మే మధ్యాహ్నం గిన్నెలు కడుగుతోంది. రుబ్బే మిషనుకు పెద్ద సాకెట్టు ఉంటుందని నా నమ్మకం. ఉంది. అడిగాను.

"బండికి కరెంటు పెడ్తవా? ఫోను లెక్కనా?" అంది.

"ఫోను లెక్కనే అవ్వా. జర పెద్ద ఫోను."

ముందు ఆమె మీటరు దగ్గరికి పోయి అంకెలు చూసి అరచేతి మీద రాసుకున్నాను. అలవాటు. ఆమె వింతగా చూసింది. "మీటరు జూసి పైసలిచ్చేటోళ్లను ఇదే మొదలు చూసుడు," అని స్టూలు వేసింది. మూడు గంటలు పడుతుందని చెప్పాను.

బావ బస్సులో పోదామని రోడ్డు మీద నిలబడ్డాడు. మేడారం నుంచి వచ్చే రెండు బస్సులు ఆగకుండా పోయాయి, మూడోది ఆగినా లోపల కాలు పెట్టే చోటు లేదు. తిరిగి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ చేసినప్పటి సంది మనిషి ఎక్కేటట్టు లేదు."

"మోటరు ఫ్రీ అయితె మంచిదే, బస్సు ఫ్రీ అయితెనే మంచిది కాదా పెద్దబాపూ?" అంది యమున. నేను ఆపలేదు.

దీనమ్మ ఆయనకు టీ ఇచ్చింది. టీ తాగి గ్లాసు పక్కన పెట్టి నాకేసి తిరిగాడు. "నువ్వే ఓడిపోయిన్నన్నవ్. నేననలె. ఎల్లుండి నా బండి తెచ్చి నీ ఇంటి ముంగట పెడ్త. గిది అమ్మెయ్యి. నా మాట కాదు, నీ మాటే."

నేను సరే అనబోయాను. నిజంగానే. మాట తప్పడం నా ఒంట్లో లేదు. బ్యాంకుకు లోను మిగులు ఎంత కట్టాలో కూడా మనసులో లెక్కేస్తున్నాను. కారు వైపు చూస్తే తెల్లగా, దుమ్ము కొట్టుకుని, సాకెట్టుకు తీగతో కట్టేసి ఉంది. ఆదివారాలు దాన్ని తీసుకుని ఎవరినీ అడగకుండా పాకాల చెరువు దాకా పోయి వచ్చిన రోజులు గుర్తొచ్చాయి.

అప్పుడు అత్తమ్మ నోట్లో వక్క పక్కకు నెట్టి, "ఓంప్రకాశూ," అంది. "నేను బంగారం ఎందుకు మొక్కిన్నో అడిగినావురా?"

"మోకాళ్ల నొప్పులకు కాదా అమ్మా?"

"నీ మోకాళ్లే. గీ పిల్ల యాభై ఏండ్లకు బండి పట్టింది. రోడ్డు మీద దానికేం కావద్దు తల్లీ, నా ఎత్తు బంగారం ఇస్తనని మొక్కిన. చిన్నోన్ని కరెంటు కొండవోయింది. ఇది కూడ కరెంటు బండే తెచ్చుకునె. నాకు భయముండదారా?"

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. కారు కొన్న రోజు ఆమె ఒక్క మాట అనలేదు, బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆరు నెలలు ఆమెకు నచ్చలేదనే అనుకున్నాను. నా బండిని ముంచిన బరువులో యాభై ఎనిమిది కిలోలు నా కోసం మొక్కినవే. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. దీనమ్మ నీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

ముఖం తుడుచుకున్నాక నా నోటికి మాట దానంతటదే వచ్చింది. ఇరవై రెండేళ్లుగా అడగని మాట.

"బావా, బండి అమ్ముత. ఒక్కటి చెప్పు. ఆనాడు మీ తమ్మున్ని చంపిన కొండీ ఎవలు ఏసిండ్రు?"

ఆయన జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు.

"నాకెట్ల ఎరుకైతది?"

"ఎరుకే నీకు. ఆ ఊరోళ్లంత నీ దుకాణానికే ఒస్తరు. ఎరువులు నీ కాడనే, మందులు నీ కాడనే. ఎవని మోటరు యాడున్నదో, ఎవలు యాడికెళ్లి తీగ గుంజిండ్రో నీకు ఎరుక లేకుంట ఎట్లుంటది? పోయినోడు ఎట్లాగు రాడు, ఊరితోని కొట్లాటెందుకని కేసొద్దని నువ్వే కదా నాతోని కాగితం మీద సంతకం పెట్టిచ్చినవ్."

"పాత ముచ్చటలు ఇప్పుడెందుకు..." అని గొణిగాడు. రాజేశ్వరక్క ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఆమెకూ తెలుసునని అప్పుడు అర్థమైంది. అత్తమ్మకు మాత్రం తెలియదు. ఆమె పెద్దకొడుకునే చూస్తోంది, కళ్లు ఆర్పకుండా.

"చెప్పురా," అంది.

ఆయన లేచి రోడ్డు వైపు పోయి బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. బస్సు వచ్చినా చేయి ఎత్తలేదు.

నేను ఆయన దగ్గరికి పోయాను. గొంతు తగ్గించలేదు, దీనమ్మ వింటున్నా సరే, రోడ్డు మీద పోయేవాళ్లు వింటున్నా సరే. "ఇను బావా. మాట తప్పుతాన్న. ప్రేమలత మాట తప్పిందని వర్ధన్నపేటల చెప్పుకో, వరంగల్ల చెప్పుకో. నువ్వు ఆ పేరు చెప్పిన్నాడు బండి తాళం నీ చేతుల పెడ్త. అప్పటిదాక నన్ను అమ్ముమనకు. నీ బండి నా గుమ్మం ముంగటికి తేకు."

మూడు గంటల్లో తొమ్మిది యూనిట్లు ఎక్కాయి. దీనమ్మది వ్యాపారం మీటరు కాబట్టి ఆ రేటుకే లెక్కేసి, పైన టీ డబ్బులు కలిపి ఇచ్చాను. వద్దంటూనే తీసుకుంది. బయలుదేరేటప్పుడు అత్తమ్మ ముందు సీటు తలుపు తీసింది. పొద్దున్నుంచీ అక్కడ కూర్చున్న బావ వెనక్కి పోయాడు. ఆమె చీర కొంగు సర్దుకుని, బెల్టు ఎలా పెట్టుకోవాలో యమునను అడిగి పెట్టుకుంది. ఏసీ పెట్టాను. కాశిబుగ్గ చేరేసరికి ఇంకా ముప్పై శాతం మిగిలింది.

ఇది జరిగి నెలలు గడిచాయి. బావ మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా కారు ఊసు ఎత్తడు. డీజిల్ బండి ఇంకా ఆయన దగ్గరే ఉంది. అత్తమ్మ మాత్రం ఆయన వచ్చిన ప్రతిసారీ, టీ చల్లారేదాకా ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంటుంది.

ఆఫీసులో, వాడకట్టులో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, ఈ కారు నీ దగ్గర ఎన్నేళ్లుంటుందని. మా బావనడగండి అంటాను.